సంగయ్య గొంతు

పోయిన వారం ఈ పేజీలో పల్లీలు కట్టించుకున్నవారి కోసం, కథ ఎక్కడ ఆగిందో నాలుగు మాటలు.

బగ్దల్ దారిలో ఖండప్ప పటేల్ కట్టిస్తున్న పెళ్లిళ్ల హాలుకు నీళ్లు కావాలి. బోర్లు ఏడు వందల అడుగులు దిగి దుమ్ము కక్కాయి కాబట్టి తాతల నాటి పద్ధతిలో పెద్దబావే తవ్విద్దామని పటేల్ పట్టుబట్టాడు. అరవై అడుగుల లోతులో, ఎర్రరాయి అయిపోయి తెల్లసుద్ద మొదలైన చోట, పక్కగోడ కూలి మేస్త్రి సంగయ్య అందులోనే పోయాడు. కాలు జారిందని కాగితం మీద రాసుకున్నారు. సంగయ్య పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. క్రేను మళ్లీ బిగించారు. పన్నెండు గంటలకు పూజ. పూజ కాగానే సంగయ్య తమ్ముడు శివు అదే బావిలోకి దిగాలి. మనం వదిలిన వేళకు సంగయ్య భార్య మహాదేవి ఒక మూట చంకన పెట్టుకుని మోసెస్ ఇంటి తలుపు కొడుతోంది.

మోసెస్ ఆ తలుపు వెంటనే తీయలేదు. తీయడానికి ధైర్యం చాలలేదు.

ఆరేళ్లుగా ఖండప్ప పటేల్‌ను నవ్వించడమే అతని ఉద్యోగం. అంతకుముందు చర్చిలో క్రిస్మస్ నాటకానికి హేరోదు రాజు వేషం కట్టేవాడు. ఒక ఏడు ఆ హేరోదును అచ్చం పటేల్ నడకతో నడిపించాడని ఎవరో మోసుకెళ్లి చెప్పారు. పటేల్ పిలిపించి, తన్నబోయే ముందు ఒకసారి చేసి చూపించమన్నాడు. చూశాక తన్నడం మరిచిపోయాడు. ఆనాటి నుంచి గురువారం గురువారం దివాన్‌ఖానాలో పటేల్ ఊరి మొరలు వింటుంటే, ఆయన కుర్చీ పక్కన బోర్లించిన కుంచం మీద మోసెస్ కూర్చుంటాడు. మొర పెట్టుకున్నవాడు చెప్పులేసుకుని గేటు దాటగానే పటేల్ గడ్డం ఎగరేస్తాడు. మోసెస్ లేచి ఆ పోయినవాణ్ని మళ్లీ లోపలికి తెస్తాడు. అదే నడక, అదే దగ్గు, అదే నంగితనం. పటేల్ నవ్వుతాడు. పటేల్ నవ్వాక అందరూ నవ్వుతారు. ఆయనకన్నా ముందు నవ్వేంత తెగువ ఆ ఇంట్లో పిల్లికి కూడా లేదు. పటేల్‌ను "నువ్వు" అనే హక్కు మాత్రం ఊరు మొత్తంలో మోసెస్ ఒక్కడిదే.

రెండు వారాల కిందటి గురువారం అతను సంగయ్యను చేశాడు.

సంగయ్య ఏ మాటైనా రెండుసార్లు చెప్పేవాడు, గొంతు పెంచకుండా, కళ్లు మూసుకుని. ఆ రోజు బావిలోంచి తెచ్చిన సుద్దగడ్డను పటేల్ ముందే నాలుక మీద పెట్టుకుని, "ఆగాలె పటేలా, ఆగాలె. చుట్టూ రాయి కట్టినంకనే దిగాలె" అన్నాడు. పటేల్ సరేలే అన్నట్టు తల కూడా ఊపాడు. సంగయ్య గేటు దాటాడు. పటేల్ గడ్డం ఎగిరింది. మోసెస్ లేచి కళ్లు మూసుకుని, లేని సుద్దను నాలుక మీద పెట్టుకుని, పప్పు రుచి చూసే వంటవాడిలా చప్పరించి, "ఉప్పు సరిపోయింది పటేలా, సరిపోయింది. కారమే జర తక్కువైంది, తక్కువైంది" అన్నాడు. పటేల్‌కు నవ్వుతో దగ్గు వచ్చింది, దగ్గుతో కన్నీళ్లు వచ్చాయి. కండువాతో కళ్లు తుడుచుకుంటూ, "రాయి లేదు గీయి లేదు, తవ్వమను" అన్నాడు.

నాలుగో రోజు గోడ కూలింది.

తలుపు చివరికి అతని భార్య కృపమ్మ తీసింది, చేతిలో గరిటెతోనే.

"లోపటికి రా చెల్లె."

"వద్దక్కా. మైల ఇంక తీరలే." మహాదేవి గడప బయటే కూర్చుని మూట విప్పింది. అందులో సంగయ్య తలరుమాలు ఉంది. తెల్లది, ఎర్రదుమ్ము పట్టి ఇటుక రంగుకు తిరిగింది. దాని మడతలో పిడికెడంత సుద్దగడ్డ ఉంది.

మోసెస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిడుతుందని సిద్ధపడి ఉన్నాడు. పదకొండు రోజులుగా ఎదురుచూస్తున్నది దానికోసమే.

"అన్నా, నువ్వు మా ఆయనను చేసినవంట గదా."

మోసెస్ రుమాలు వంక చూశాడు.

"మంచిగ చేసినవంట. క్రేను నడిపే అంబాదాస్ చెప్పిండు. కండ్లు మూసుకుంటే సంగయ్యనే కూసున్నట్టుండె అన్నడు." ఆమె రుమాలును అతని వైపు జరిపింది. "మళ్లొకసారి చెయ్యి. ఆ దినం నవ్వెటందుకు చేసినవ్. ఇయ్యాల ఆపెటందుకు చెయ్యి. శివుకు ఇద్దరు పసిపిల్లలున్నరు. నిన్న, మొన్న వాన పడ్డది. సుద్ద నీళ్లు తాగి కూసున్నది. మా మరిది చెప్తె పటేల్ వినడు. నేను పోతె గేటుకాడనే ఆపుతున్నరు."

"నా మాట వింటడా చెల్లె?"

"నీ మాట వద్దు. మా ఆయన మాటనే చెప్పు." ఆమె సుద్దగడ్డ అంచు గిల్లి చూపించింది. "ఇగో, ఇది నాలికకు అతుకుతె పొడిది. బెల్లం పాకం లెక్క పట్టుకుంటది. భయం లేదు. అతకకుంట జారిపోయిందా, దాని ఎనుక నీళ్లు నిలబడ్డట్టు. అప్పుడు రాయి కట్టకుంట దిగొద్దు. గంతే. ఇందుల నవ్వెటందుకు ఏముందో నాకైతె తెల్వదు."

లేవబోతూ ఆగింది. ఈసారి కృపమ్మను చూసింది, చాలా మామూలుగా, అంగట్లో తూకం తక్కువైనప్పుడు చూసినట్టు.

"ముందుదినం మాపటికి చింతపండు ఇచ్చిపోయిన గదక్కా. అయినా ఎందుకు చేసిండు? తక్కువైందా?"

"ఏం చింతపండు?" అన్నాడు మోసెస్.

కృపమ్మ చేతిలో గరిటె తలుపుకు తగిలి ఒక్కసారి మోగింది. మహాదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కొంగు తల మీదికి లాక్కుని, బావి దారి పట్టింది.

మోసెస్ వంటింట్లోకి వచ్చి డబ్బాల బల్ల ముందు నిలబడ్డాడు. ఆరేళ్ల నుంచి ఆ డబ్బాలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. మగవాళ్లకు నిండు డబ్బా కనిపించదు, ఖాళీ డబ్బాయే కనిపిస్తుంది. కాబట్టి అతను వాటిని చూడటం ఒకరకంగా ఇదే మొదటిసారి.

"కృపా, మనం జొన్నలు ఎప్పుడు కొన్నం?"

"కొనలే."

"కందిపప్పు?"

"అది సుత కొనలే."

"చర్చోళ్లు ఇస్తున్నరంటివి. కోతల పండుగల మిగిలినయి అంటివి."

"మన చర్చిల ఉన్నయే ఇరువై ఇండ్లు. అండ్ల పదమూడు ఇండ్లోళ్లు కూలికి పోతరు. ఏడాదంత మనకు జొన్నలు వాళ్లేడికెల్లి తెచ్చిస్తరు?" ఆమె పొయ్యి ఆర్పింది. "నువ్వు అడగలే. నేను చెప్పలే."

తర్వాత ఆమె ఒక్కో మూత తీసి చూపించింది, కొత్త కోడలికి ఇల్లు అప్పగించినట్టు.

"ఈ నువ్వులు నవనాథ్‌వి. హద్దురాయి తగాదా ఉండె గదా, అప్పటియి. ఈ జొన్నలు జగదేవియి. కొడుకుకు హాలు కాడ వాచ్‌మెన్ పని అడుగుడుకు పోయే ముందు తెచ్చింది. నువ్వు ఎవరిని చేస్తె పటేల్ వానికి నవ్వుతడు. పటేల్ నవ్విండంటె వాని మొర గాలికి పోయినట్టే. ఊరంత ఎర్క. నీకొక్కనికే ఎర్కలేదు. అందుకని బుధవారం మాపటికి నా కాడికొస్తరు. రేపు మమ్ముల చెయ్యకుంట చూడక్కా అంటరు."

"నువ్వేం చేస్తివి?"

"నీకు చెప్తుంటి గదా. బయలెల్లేటప్పుడు. ఇయ్యాల నవనాథ్‌ను చెయ్యకు, వాని నడక నీకు కుదరదు అని. జగదేవిని చెయ్యకు, ఆడగొంతు నీకు రాదు అని."

ఆరేళ్లుగా అతను వాటిని కళ తెలిసిన భార్య విమర్శ అనుకున్నాడు. జగదేవి గొంతు కోసం ఎవరికీ తెలియకుండా గడ్డివాము వెనక నెలరోజులు సాధన కూడా చేశాడు.

"జగదేవి గొంతు నాకు మంచిగనే వస్తది," అన్నాడు. సమయానికి నోట్లోంచి వచ్చిన మాట అదే.

"మంచిగ వస్తది. అందుకే వద్దన్న."

బయట ట్రాక్టరు ఒకటి బావి వైపు పోయింది, వెనక పూజకు అరటి పిలకలు ఊగుతూ.

"మరి సంగయ్యది?"

కృపమ్మ కింది అరలోంచి జాడీ తీసి బల్ల మీద పెట్టింది. మూత తీయలేదు.

"బుధవారం మాపటికి తెచ్చిచ్చింది. చెప్తలే పో అన్న. తెల్లారి తొలి బస్సుకు చిట్గుప్ప పోయిన, మా చెల్లె బిడ్డను చూడనీకి. బస్సు ఎక్కినంక యాదికొచ్చింది. ఫోన్ చేద్దామని తీసిన. మళ్ల, ఒక్క గురువారమే గదా, ఏమైతది అనుకున్న." ఆమె జాడీ మూతను అరచేత్తో నొక్కింది. "పదకొండు దినాల సంది మన చారు ఆ చింతపండుతోనే."

పొయ్యి మీద చారు ఇంకా సన్నగా ఆవిరి కక్కుతోంది. ఇద్దరూ దాని వంక చూశారు. మోసెస్ గిన్నె ఎత్తి పెరట్లో పారబోస్తాడేమో అనుకుంది కృపమ్మ. అతను రుమాలు తీసి దులపకుండా తలకు చుట్టుకున్నాడు.

"నేనూ వస్త," అని ఆమె తలుపు గొళ్లెం పెట్టింది.

ఇద్దరూ బావి దారి పట్టారు. దారి పొడవునా మోసెస్‌కు నేహా చెప్పిన కథలు గుర్తొస్తున్నాయి.

నేహా పటేల్ చిన్నకోడలు. గుల్బర్గాలో హిస్టరీ ఎమ్మే చదివి, బగ్దల్‌లో ఆ చదువును ఎవరి మీద పెట్టాలో తెలియక, ఒక మధ్యాహ్నం మోసెస్ దంపతులను పెరటి అరుగు మీద కూర్చోబెట్టి వాళ్ల మీద పెట్టింది. చీనా దేశంలో రాజుల దగ్గర నవ్వించేవాళ్లు ఉండేవారట. వాళ్ల మాటకు శిక్ష లేదట. ఒక చక్రవర్తి నగరపు గోడంతా లక్క పూయిస్తానంటే, వద్దనడానికి మంత్రులకు నోరు రాలేదు. నవ్వించేవాడు లేచి, "చాలా బాగుంటుంది ప్రభూ. లక్క నీడలో ఆరాలి కదా, గోడ పట్టేంత కొట్టం ఎక్కడ కట్టిద్దాం?" అన్నాడట. లక్క ఆలోచన అక్కడే ఆగింది.

ఇంకో రాజు దగ్గర నమ్మకస్తుడైన మంత్రి చనిపోతే, ఆయన కొడుకు కట్టెలు మోసుకుని బతికే గతి పట్టింది. నవ్వించేవాడు ఏడాదిపాటు సాధన చేసి, చచ్చిన మంత్రి బట్టలు తొడుక్కుని, ఆయన మాటతో ఆయన నడకతో రాజు ముందు నిలబడ్డాడు. మంత్రే తిరిగొచ్చాడనుకుని రాజు మళ్లీ అదే పదవి ఇస్తానన్నాడు. "ఇంటిదాన్ని అడిగొస్తాను," అన్నాడట వాడు. మూడు రోజులకు వచ్చి, "వద్దంటోంది ప్రభూ. మంత్రిగా చస్తే పెళ్లాం బిడ్డలకు ఏం మిగులుతుందో ఆమెకు కనిపిస్తోంది," అన్నాడట. రాజు సిగ్గుతో తల దించుకుని, ఆ కొడుక్కి భూమి ఇచ్చాడు. అక్కడ మోసెస్ తొడ చరుచుకుని నవ్వాడు. "చూసినవా, ఏ దేశమైనా ఇంటిదాన్ని అడగాల్సిందే," అంది కృపమ్మ.

మూడో కథ మోసెస్ సగం కునుకులో విన్నాడు. అది వేషగాళ్లంటే పడిచచ్చే రాజు కథ. తనూ మొహానికి రంగు పూసుకునేవాడు. కొలువులో పని కావాలంటే పెద్దపెద్ద అధికారులు కూడా ముందు వేషగాళ్లకు కానుకలు పంపేవారట. వాళ్లు వేలు చూపినవాడు పోయేవాడు. చివరికి పాత వేషగాడే ఒకడు సైన్యాన్ని తిరగబెడితే, ఆ గొడవలో బాణం తగిలి రాజు చచ్చాడు.

కానుకల మాట దగ్గర కృపమ్మ, ఇంట్లో పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లింది. ఆ వేళ పొయ్యి మీద పాలు లేవు. ఆ సంగతి మోసెస్‌కు ఇప్పుడు, ఎర్రమట్టి దారి మధ్యలో తోచింది.

గురువారం కాబట్టి దివాన్‌ఖానాయే బావి దగ్గరికి వచ్చింది. టార్పాలిన్ కింద పటేల్ కుర్చీ, పక్కన బోర్లించిన కుంచం. కుంచం ఖాళీగా ఉంది. చుట్టూ ముప్పై మంది దాకా ఉన్నారు. నేహా హారతి పళ్లెం పట్టుకుని మామగారి వెనక నిలబడింది. శివు నిక్కరుతో, తలకు పచ్చరంగు ప్లాస్టిక్ టోపీతో, బావి గట్టున కూర్చుని కాళ్ల మధ్య నేలను చూస్తున్నాడు. అన్న చచ్చిపోయాక బావిలోకి కొత్తగా వచ్చిన జాగ్రత్త ఆ టోపీ ఒక్కటే. మహాదేవి అందరికీ దూరంగా, రాళ్లకుప్ప నీడలో ఉంది.

"మోసెస్ ఏడి?" అంటున్నాడు పటేల్. "ఇయ్యాల ఇంత గమ్మునున్నరేందిరా అందరు. ఎవరన్న సచ్చిండ్రా?"

నవ్వాలా వద్దా అని ముప్పై మంది ఆలోచిస్తుండగా, క్రేను వెనక నుంచి సంగయ్య వచ్చాడు.

అలాగే కనిపించింది. ఎడమభుజం కిందికి దించి, అడుగు వేసేముందు నేలను కాలివేళ్లతో తడిమి చూసుకుంటూ. రుమాలు అదే. చెప్పులు టార్పాలిన్ అంచున విడిచాడు, సంగయ్య ఎప్పుడూ విడిచే దూరంలోనే. అంబాదాస్ నోట్లో బీడీ జారి ఒడిలో పడింది. రాళ్లకుప్ప దగ్గర మహాదేవి రెండు చేతులతో కళ్లు మూసుకుని, చెవులతో మాత్రం విన్నది.

"ఆగాలె పటేలా. ఆగాలె."

పటేల్ పెదవి నవ్వుకు సిద్ధమై, దారి తెలియక మధ్యలో నిలిచిపోయింది.

"ఎవర్రా నువ్వు?"

"సంగయ్యను పటేలా, సంగయ్యను."

"సంగయ్య సచ్చిండు."

"సచ్చిన పటేలా, సచ్చిన. మీకు చెప్పినంకనే సచ్చిన."

ఆరేళ్లలో మోసెస్ నోట "మీరు" అన్న మాట రావడం అదే మొదలు. టార్పాలిన్ కింద కొందరు ఒక అడుగు వెనక్కి వేశారు.

"మీరు విన్నరు. తల సుత ఊపిన్రు, ఊపిన్రు. నేను గేటు దాటిన. నేను పోయినంక ఒకడు నన్ను మళ్ల లోపటికి తోల్కొచ్చిండు. నాలిక సాపిండు. మీరు నవ్విన్రు. ఆ నవ్వుల నా మాట కొట్టుకపోయింది పటేలా, కొట్టుకపోయింది."

గాలికి టార్పాలిన్ టపటపా కొట్టుకుంది. పటేల్ చాలాసేపు అతని రుమాలునే చూశాడు. తర్వాత అడిగాడు, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"అయితె తప్పెవరిది సంగయ్యా?"

"సగం నవ్వించినోనిది. సగం..." మోసెస్‌కు గొంతు ఆరింది. సంగయ్యకు ఆరలేదు. "కడమ సగం మీరు ఉంచుకోండ్రి."

శివు తల ఎత్తాడు. పటేల్ కుర్చీలో వెనక్కి వాలి, తల తిప్పకుండానే, "కోడలా," అన్నాడు.

పళ్లెంలో కర్పూరపు బిళ్ల దొర్లింది.

"సచ్చిన మంత్రి బట్టలేసుకొని వచ్చెటోని కథ నాకు సుత చెప్పినవ్ గదమ్మా, పోయిన నెల. ఆ రాజేం చేసిండు? మంత్రి మళ్లొచ్చిండని, ఆ పని మళ్ల ఆయనకే ఇస్తనన్నడు." ఆయన ముందుకు వంగాడు. "నేనేం ఆ రాజు కన్న తక్కువోన్నా? సంగయ్యా, మేస్త్రి పని నీదే. శివూ, టోపి ఇడ్సు. మీ అన్నొచ్చిండు. ఆయన్నే దిగనియ్యి. దిగి, ఆడ సుద్ద నాలిక మీద పెట్టుకొని, ఆగాలెనో వద్దో ఆణ్నుంచే చెప్పమను. నేను వింట. ఆగాలె అంటె ఇయ్యాలనే రాయి తెప్పిస్త. దిగనంటె, శివు ఉండనే ఉన్నడు."

"మామయ్యా," అంది నేహా. ఆ ఇంటి కోడలు నలుగురిలో నోరెత్తడం ఊరు చూడలేదు. "ఆ కథల ఆయన వెంటనే ఒప్పుకోలే గదా. ఇంటిదాన్ని అడిగొస్త అన్నడు."

"అడగమను. మూడు దినాలు ఎందుకు, ఆడనే ఉన్నది."

అందరి తలలూ కృపమ్మ వైపు తిరిగాయి. ఆమె అంబాదాస్ పక్కన, క్రేను ఇంజను దగ్గర నిలబడి ఉంది. కథలోని భార్యకు వద్దనడం సులువు. అక్కడ ఆమె వద్దంటే ఎవరూ బావిలోకి దిగనక్కర్లేదు. కృపమ్మ శివును చూసింది. రాళ్లకుప్ప నీడను చూసింది. వచ్చి, మొగుడి తలమీద రుమాలు విప్పి, మళ్లీ గట్టిగా చుట్టి, దానిమీద శివు తీసిన పచ్చటోపీ పెట్టింది.

"నేను మర్చినందుకే ఇదంత," అంది, అతనికి మాత్రం వినిపించేలా. "పో. నాలిక మీద పెట్టుకోంగనే కేకెయ్యి. నేను క్రేను కాడనే ఉంట."

వెనక్కి వెళ్లి అంబాదాస్‌ను అడిగింది. "పైకి గుంజేది ఏ కర్ర తమ్మీ?"

"ఇగో ఇది, ఇటు. కానీ పటేల్ చెయ్యి లేపనిది నేను గుంజనక్కా. నా నౌకరీ పోతది."

ఆమె ఆ ఇనుపకర్ర పక్కనే నిలబడింది.

మోసెస్ నిలబడ్డ క్రేను బకెట్ దిగుతుంటే ముందు ఎండ పోయింది, తర్వాత మాటలు పోయాయి. ఎర్రరాయి గోడలు చిల్లులు చిల్లులుగా, ఎప్పుడో ఆరిపోయిన తేనెపట్టులా పైకి పోతున్నాయి. సగం దిగాక మట్టివాసన మారింది. కొత్తకుండలో నీళ్లు పోసినప్పటి వాసన. మామూలుగా మంచి వాసనే. అరవై అడుగుల దగ్గర బకెట్ ఆగింది. ఎదురుగా సుద్ద, తెల్లగా, నున్నగా. ఒకవైపు గోడ కూలిన చోట పెద్ద కడుపులాంటి గుంత. ఆ గుంత అడుగున ఎడమకాలి చెప్పు ఒకటి ఉంది. ఎవరిదో అతనికి తెలుసు. ఆ చెప్పు నడకను అతను రెండుసార్లు నడిచాడు.

అతను బకెట్‌లోనే నిలబడి చెయ్యి చాపి గోడను గిల్లాడు. కళ్లు మూసుకున్నాడు. ఈసారి నటనకు కాదు, భయానికి. సుద్దను నాలుక మీద పెట్టుకున్నాడు.

చల్లగా ఉంది. అతుకుతుందని చూశాడు. అతకలేదు. పెరుగు మీది తేటలా, నాలుక మీంచి జారిపోయింది.

"ఆగాలె పటేలా, ఆగాలె," అని అరిచాడు.

బావి ఆ మాటను తిప్పి తిప్పి పైకి పంపింది. పైనుంచి పటేల్ నవ్వు వినిపించింది. ఆరేళ్లుగా ఆ నవ్వును పక్కన కూర్చుని విన్నాడు. కింద నుంచి వినడం ఇదే మొదలు. కింద నుంచి వింటే అది నవ్వులా లేదు, దూరంగా రాళ్లు దించుతున్నట్టుంది.

"ఓరి నీ," అంటున్నాడు పటేల్, దగ్గుతూ. "అచ్చం ఆయన్నేరా. బావిల నుంచి సుత సంగయ్యనే మాట్లాడుతున్నట్టుంది."

పటేల్ నవ్వాడు కనుక మిగతావాళ్లు నవ్వడం మొదలుపెట్టారు.

"నీళ్లున్నయి పటేలా, నీళ్లున్నయి. గుంజుమనుండ్రి, గుంజుమనుండ్రి."

నవ్వు పెరిగింది. భయపడుతున్నకొద్దీ గొంతు ఇంకా ఇంకా సంగయ్యదవుతోంది. ఆ రోజు, ఆఖరిరోజు, సంగయ్య ఇక్కడి నుంచి ఇలాగే అరిచి ఉంటాడని మోసెస్‌కు అర్థమైంది. ఇంత బాగా అతను ఎవరినీ ఎప్పుడూ చేయలేదు.

భుజం మీద అరచేతంత సుద్దపెళ్ల చప్పుడు లేకుండా రాలింది.

తన గొంతు కావాలి. మోసెస్ గొంతు. అది ఎలా ఉంటుందో వెతుక్కున్నాడు. హేరోదుది దొరికింది, నవనాథ్‌ది దొరికింది, గడ్డివాము వెనక నేర్చుకున్న జగదేవిది దొరికింది. పొద్దున డబ్బాల ముందు నిలబడి జొన్నల సంగతి అడిగిన గొంతు ఎక్కడుందో దొరకలేదు. దాన్ని విన్న మనిషి ఈ ఊళ్లో ఒక్కతే ఉంది. ఆ మనిషి ఇప్పుడు నవ్వడం లేదు. కింద ఉన్నా ఆ సంగతి మాత్రం అతనికి తెలుసు.

"కృపా," అన్నాడు.

ఒక్కసారే అన్నాడు. సంగయ్య ఏ మాటా ఒక్కసారి చెప్పడు.

పైన నవ్వు సాగుతూనే ఉంది. దానికింద క్రేను ఇంజను గుర్రుమంది. అంబాదాస్ "అక్కా, వద్దక్కా" అనడం వినిపించింది. తాడు బిగిసింది. బకెట్ ఇంకా లేవలేదు. మోసెస్ కళ్లు తెరిచేసరికి ఎదుటి తెల్లగోడ, వేడిపాల మీది మీగడలా, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా ముడతపడింది.